మడచెట్టు వేళ్లు పైకెందుకు లేచాయి

ఒకప్పుడు, ఒక శ్రావణ అమావాస్య మంగళవారం నాడు, ఆకాశం తడిసిన తవుడు రంగులో ఉంది. తూర్పుగాలి ఆగి ఆగి వీస్తోంది. ఏ సంవత్సరమని అడక్కండి పిల్లలూ, అప్పటికింకా సంవత్సరాలకి పేర్లు పెట్టలేదు. ఆ పేర్లెలా వచ్చాయో చెప్పడం మొదలుపెడితే మీ అన్నం చల్లారిపోతుంది.

ఆ రోజుల్లో మడచెట్టు వేళ్లు అన్ని చెట్ల వేళ్లలాగే బుద్ధిగా మట్టి కిందే ఉండేవి. ఆ చెట్టును అందరూ మడమ్మ అనేవాళ్లు. ఏరు వెళ్లి సముద్రంలో కలిసేచోట కాస్త బురదనేల ఉండేది. అదే ఆమె రాజ్యం.

ఒకవైపు ఏరు. ఎక్కడో కొండల్లో పుట్టి, దారిలో ఉన్న ఊళ్లన్నిటి మట్టీ మోసుకొచ్చేది. ఇంకోవైపు సముద్రుడు. ఆయన అవతలి అంచు అప్పటికి ఎవరూ చూడలేదు. ఇద్దరికీ క్షణం పడేది కాదు.

మడమ్మకి ఇద్దరు పొరుగువాళ్లు. రెల్లుగడ్డి ఏటి పక్షం చేరింది. ఇసుకదిబ్బ సముద్రుడి పక్షం చేరింది. మడమ్మ మాత్రం ఏ పక్షమూ చేరకుండా, నీళ్లలోకి వంగిన తన కొమ్మల కింద పిల్లల్ని సాకే పని పెట్టుకుంది. పోటుతో రొయ్యపిల్లలు వచ్చేవి. ఏటికి ఎగబాకే పండుగప్ప చేపపిల్లలు దారిలో ఆగేవి. సాకినందుకు ఏటి దగ్గర ఒండ్రు, సముద్రుడి దగ్గర పోటునీళ్లు పుచ్చుకునేది. ఇద్దరితోనూ బేరం బాగానే సాగింది, ఆ మంగళవారం దాకా.

ఆ రోజు ఏరు ఎర్రగా పొంగి వచ్చింది.

"ఏమే మడమ్మా, నా ఒండ్రు తిని బలిసి, ఆ ఉప్పాయన రొయ్యల్ని సాకుతున్నావట?"

"సాకుతున్నాను అత్తా. నీ పండుగప్పల్నీ సాకుతున్నాను."

"రొయ్యల్ని గెంటెయ్. లేకపోతే నిన్ను వేళ్లతో పెకిలించేస్తా."

అంతలో అమావాస్య పోటుతో సముద్రుడు లేచాడు. "గెంటాల్సింది ఆవిడ చేపల్ని. లేదంటే నేనే నిన్ను మింగేస్తా. ఇంతకీ నువ్వు ఎవరి మనిషివి?"

"మీ ఇద్దరి పొరుగుదాన్ని బాబాయ్."

"ఆ కబుర్లు ఇవాళ చెల్లవు."

ఎర్రనీళ్లు, నీలినీళ్లు రెండు గోడల్లా ఎదురెదురుగా నిలబడ్డాయి. మధ్యలో మడమ్మ కొన ఆకులే కనిపిస్తున్నాయి. ఎగిరే కొంగలు కూడా రెక్క కొట్టడం మరిచి, అలా గాల్లో తేలుతూ చూశాయట.

"నేను నీ మనిషిని అత్తా!" అని రెల్లు అరిచింది. వరద హోరులో ఏటికి వినపడలేదు. ఇసుకదిబ్బ నోరు తెరిచేలోపే కరిగిపోయింది.

అప్పుడు మడమ్మ అంది: "సరే, ఎవరి పిల్లల్ని వాళ్లు వెతికి తీసుకుపోండి. ఆ తర్వాత నన్ను ఏమైనా చేసుకోండి."

ఏరు ఒక రొయ్యని పైకెత్తింది. "ఇది ఆయనదే."

"పుట్టింది ఆయన దగ్గర. దాని ఒంట్లో కండంతా నీ ఒండ్రే అత్తా."

సముద్రుడు ఒక పండుగప్పని పట్టాడు. "ఇది ఆవిడది."

"అది కాపురముండేది ఏట్లో. గుడ్డు పగిలింది నీ ఉప్పులో బాబాయ్."

ఇద్దరూ కొమ్మకొమ్మ కిందా వెతికారు. అచ్చంగా ఒక్కరిదే అనదగ్గ పిల్ల ఒక్కటీ దొరకలేదు.

"దీన్ని పెకిలిస్తే ఇవన్నీ పోతాయి," అంది ఏరు మెల్లగా.

"మింగినా పోతాయి," అన్నాడు సముద్రుడు.

ఇద్దరూ వెనక్కి తగ్గారు. తగ్గుతూ తగ్గుతూ తెచ్చిన బురదంతా మడమ్మ మీదే దింపిపోయారు. కింద వేళ్లకి గాలి అందలేదు.

"అత్తా, బాబాయ్, ఊపిరాడటం లేదు."

"ఇద్దరి మధ్యా ఉంటానన్నావుగా, ఆ మాత్రం ఓర్చుకో మరి," అన్నారు ఇద్దరూ. వాళ్లు ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు.

మడమ్మ బతిమాలలేదు. తన వేళ్లనే పైకి తిప్పుకుంది.

అప్పటినుంచే మడచెట్టు వేళ్లు బురదని చీల్చుకుని, వేలకువేలుగా పైకి నిలబడి గాలి పీలుస్తాయి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్లి చూడండి, గట్టిగా మాట్లాడబుద్ధి కాదు. పెరిగిన రొయ్యలు సముద్రుడికి దక్కాయి. పెరిగిన పండుగప్పలు ఏటికి దక్కాయి. బురదనేల మడమ్మ పిల్లచెట్లకి దక్కింది. రెల్లుకీ, ఇసుకదిబ్బకీ ఏమీ దక్కలేదు.