మూగకోనలో అమ్మ గొంతు

మూగకోనలో మిట్టమధ్యాహ్నం ఆకు కదలదు. పొద్దున్నించీ కూసిన పిట్టలు ఎండ నడినెత్తికి రాగానే నోరు మూస్తాయి. కీచురాళ్ళు కూడా ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఠక్కున ఆగిపోతాయి. ఆ వేళ అక్కడ ఎవరు పిలిచినా ఏ జంతువూ పలకదు. పిలిచింది బతికున్నవాళ్ళో కాదో తెలియదని వాటి భయం.

ఆ భయానికి కారణం ఒక ముసలి దుమ్ములగొండి. కోన అడుగున రాతి చీలికలో దాని కాపురం. గుమ్మం ముందు ఎముకలు, నాకి నాకి నునుపు తేలినవి, ఎండకి తెల్లగా మెరుస్తుంటాయి. అందుకే దాన్ని ఎముకలవ్వ అంటారు. ఎవరి ఎముక కొరికితే వాళ్ళ గొంతు దానికి వస్తుందట. పోయినేడు చచ్చిన దుప్పి గొంతుతో దాని పిల్లని పిలిచింది. పిల్ల వెళ్ళింది, మళ్ళీ రాలేదు.

కోన పైన పెద్దబండ కింద గుహలో బొంతడనే ఎలుగుబంటి, ఇద్దరు పిల్లలూ ఉండేవాళ్ళు. పెద్దది గురివి, ఆడపిల్ల. చిన్నవాడు బుడమ. వాళ్ళమ్మ పోయిన ఎండాకాలం అడవి అంటుకున్నప్పుడు ఇద్దరినీ వీపున ఎక్కించుకుని మంటల్లోంచి మోసుకొచ్చింది. పిల్లలకి ఒక్క వెంట్రుక కాలలేదు. ఆమె మాత్రం వారం తిరక్కుండా కన్నుమూసింది.

బొంతడు చెడ్డవాడు కాదు. తెలివిలో ఉంటే పిల్లల చెవులు నాకేవాడు, కథలు చెప్పేవాడు. కానీ ఏ కాలంలో ఏది పులిస్తే ఆ కాలంలో దాని దగ్గర పడుండేవాడు. వానల్లో కుళ్ళిన నేరేడుపళ్ళు, చలిలో తాటిచెట్ల కింద కల్లు, ఎండలు ముదిరే ముందు ఇప్పపూలు. భార్య ఉన్నప్పుడే అదుపు అంతంతమాత్రం. ఆమె పోయాక అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

ఇంటి బరువు గురివి మీద పడింది. చెదపుట్ట తవ్వడం అమ్మ చేస్తుంటే చూసిందే కానీ ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి రోజు రెండు గోళ్ళు విరిగాయి. పదో రోజుకి మట్టిని ఉఫ్‌మని ఊది, చెదల్ని జుర్రున పీల్చడం పట్టుబడింది. తమ్ముడికీ నేర్పింది.

"అక్కా, ముక్కులోకి మట్టి పోతోంది."

"ముక్కు మూసి పీల్చరా. ఆకలేస్తే అదే వస్తుంది."

ఇప్పపూల కాలం రాగానే బొంతడు నాలుగు రోజులు ఇంటి ముఖం చూడలేదు. గురివి పక్కనున్న ముళ్ళపంది బొరియ దగ్గరికి వెళ్ళింది.

"మామా, నేను పుట్టకి వెళ్ళొచ్చేదాకా తమ్ముణ్ణి నీ దగ్గర కూర్చోబెట్టుకుంటావా?"

ముళ్ళపంది మామ పెద్దమనిషి. సలహా ఇస్తాడు కానీ చెయ్యి ఇవ్వడు. "ఎవరి కుంపటి వాళ్ళే ఊదుకోవాలమ్మా. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు."

"నీకు బోడిగుండు ఎక్కడుంది మామా?" అన్నాడు బుడమ.

"తల్లి లేని పిల్లల నోళ్ళు ఇట్లాగే ఉంటాయి!" అంటూ మామ ముళ్ళు గలగలలాడించి, ఎప్పట్లాగే గుమ్మానికి వీపు పెట్టి పడుకున్నాడు.

ఆ వేళకి బొంతడు కోన దిగువన రాతి గుంట పక్కన కూర్చున్నాడు. గుంట నిండా ఇప్పపూలు, వాటి మీద నురగ. ఆ చోటు చూపించింది ఎముకలవ్వే.

"తాగు నాయనా, కడుపు నిండా తాగు. భార్య పోయినవాడి బాధ ఎవరికి తెలుస్తుంది!"

"నువ్వొక్కదానివే తెలుసుకున్నావవ్వా."

"మహా ఇల్లాలు. ఇంతకీ పిల్లల్ని ఏమని పిలిచేది?"

బొంతడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వీపు వంచి పాడేది అవ్వా. 'ఎక్కు బుడమా, ఎక్కు గురివీ, ఏరు దాటి పోదాం' అని. ఆ మాట వింటే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి పరిగెత్తేవాళ్ళు."

"ఇంకోసారి చెప్పు నాయనా. ఎంత తియ్యగా ఉందో!"

ఇంకోసారి చెప్పాడు. రాగం కూడా తీశాడు. దొంగకి తాళంచెవి ఇచ్చి దారి చూపించినట్టయింది. పిల్లల తల్లి ఎముక కొరికిన నాటినించే ఎముకలవ్వ దగ్గర ఆమె గొంతు ఉంది. లేనిది మాటలే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. కీచురాళ్ళు ఆగిపోయాయి. గుహ ఎదుటి రాళ్ళ చాటునించి సన్నగా వినిపించింది.

"ఎక్కు బుడమా... ఎక్కు గురివీ... ఏరు దాటి పోదాం..."

బుడమ దిగ్గున లేచాడు. "అమ్మ!"

గురివి ఒంటి మీద బొచ్చంతా నిక్కబొడుచుకుంది. అది అమ్మ గొంతే. చివర్లో కొంచెం బొంగురు పోవడం కూడా అమ్మదే. తమ్ముడి మెడ పళ్ళతో పట్టుకుని నేలకి అదిమి పెట్టింది. వాడు కొట్టుకున్నాడు, గీరాడు. మళ్ళీ కీచురాళ్ళు మొదలయ్యేదాకా వదల్లేదు.

"నువ్వు చెడ్డదానివి! అమ్మ పిలుస్తుంటే ఆపావు."

గురివి వాడి మెడ మీద తన పళ్ళ గాట్లు నాకింది. తను కూడా లేచి పరిగెత్తబోయిందని, కాళ్ళు రెండడుగులు ముందుకేశాయని వాడికి ఎలా చెబుతుంది?

ఆ మర్నాడు మళ్ళీ ఎండ నడినెత్తికొచ్చింది. గొంతు ఇంకా దగ్గరగా వచ్చింది. గురివి తమ్ముణ్ణి గుహ లోపలి మూలకి నెట్టి, "నేను పేరు పెట్టి పిలిచినా కదలొద్దు, ముక్కు పట్టుకుని తీసుకెళ్తేనే రా" అని చెప్పి గుమ్మంలోకొచ్చింది.

"అమ్మా, నువ్వేనా?"

"నేనే తల్లీ."

"కనపడవేం?"

"మంటల్లో కాలిన మొహం బిడ్డా. చూస్తే జడుసుకుంటారు."

గురివి గుండె కరిగిపోయింది. పోనీ, నిజంగా అమ్మే అయితే? కాలితేనేం, మొహం ఎలా ఉంటేనేం? కానీ అడక్కుండా అడుగు వెయ్యకూడదని ఎక్కడో అనిపించింది.

"అమ్మా, ముందటేడు బుడమ ఒళ్ళు జ్వరంతో మూడు రోజులు కాలిపోయిందే, అప్పుడు వాడి పొట్టకేం రాశావు?"

రాళ్ళ వెనక గోళ్ళు నేలని గీరిన చప్పుడైంది.

"తేనె రాశాను కదే తల్లీ. ఎట్లా మర్చిపోతాను?"

అమ్మ రాసింది తడిపిన పుట్టమన్ను. మూడు రోజులూ కూర్చుని ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ తడిపి రాసింది. ఆ మూడు రోజులూ నాన్న ఇప్పచెట్టు కింద ఉన్నాడు. కొడుక్కి జ్వరమొచ్చిన సంగతే ఆయనకి తెలియదు.

నాన్నకి తెలిసినవన్నీ ఈ గొంతుకి తెలుసు. నాన్నకి తెలియనిది దీనికీ తెలియదు.

అప్పుడర్థమైంది గురివికి, ఆ పాట ఎవరి నోటినించి ఎవరి చెవికి చేరిందో. భయం కన్నా ముందు సిగ్గు వేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. కోపం వచ్చాక బుర్ర చల్లబడింది.

"అమ్మా, వాడు నీ గొంతు విని బెదిరి పక్కనున్న ఆ బొరియలో దూరాడు. నేను లాగితే రావట్లేదు. నువ్వే మెడ పట్టుకుని లాక్కురా. నేను కళ్ళు మూసుకుంటాను, నీ మొహం చూడను."

"బంగారు తల్లివి! గట్టిగా మూసుకో."

ఒకటి బొరియలో, ఒకటి కళ్ళు మూసుకుని. ఎముకలవ్వకి ఇంతకన్నా ఏం కావాలి? రాళ్ళ చాటునించి బయటికొచ్చింది. గురివి రెప్పల సందులోంచి చూసింది. ఎత్తయిన భుజాలు, దిగజారిన నడుము, చారల ఒళ్ళు. దాని నోట్లోంచి మాత్రం అమ్మ గొంతు వస్తూనే ఉంది.

"ఎక్కు బుడమా, ఎక్కు నా తండ్రీ..."

పాడుకుంటూనే బొరియలోకి భుజాల దాకా తల దూర్చి, దొరికినదాన్ని కసిగా కొరికింది.

దొరికింది ముళ్ళపంది మామ వీపు.

ఆ అరుపు మూగకోన ఎన్నడూ విననిది. మొదట అమ్మ గొంతుతో అరిచింది. తర్వాత దుప్పి గొంతుతో. తర్వాత మేక, కుందేలు, కొండముచ్చు... ఇన్నేళ్ళు మింగిన గొంతులన్నీ వరసగా బయటికి తన్నుకొచ్చాయి, తలుపు తీసినట్టు. చివరికి ఏ గొంతూ మిగల్లేదు. దవడ నిండా, నాలుక నిండా ముళ్ళతో, ఉత్త గాలి బుసకొట్టుకుంటూ అది కోనలోకి దొర్లుకుంటూ పోయింది.

బొరియలోంచి మామ కేక వేశాడు. "ఎవర్రా నా గుమ్మంలో?"

"ఎవరో చుట్టం మామా, వెళ్ళిపోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, నువ్వు పడుకో" అంది గురివి.

లోపలికెళ్ళి తమ్ముడి ముక్కు పట్టుకుని తీసుకొచ్చింది.

"అక్కా, మొదట అరిచింది అమ్మే కదా?"

"గొంతు అమ్మదేరా. పిలిచింది అమ్మ కాదు."

అంతవరకు బిగబట్టుకున్న గురివి అప్పుడు వాడి బొచ్చులో మొహం దాచుకుని బావురుమంది. ఈసారి బుడమే అక్క చెవులు నాకాడు.

సాయంత్రానికి బొంతడు తూలుతూ వచ్చాడు. రాలిన ముళ్ళు, నేల మీద నెత్తురు చూశాడు. గురివి జరిగింది చెప్పింది, ఎక్కువా తక్కువా లేకుండా. ఆయన కూలబడిపోయాడు.

"నేనే చెప్పానమ్మా. నా నోటితో నేనే చెప్పాను. ఇంక ముట్టుకోను. మీ అమ్మ మీద ఒట్టు."

"అమ్మని మధ్యలోకి తేకు నాన్నా. పడుకో."

నాలుగు రోజులు ముట్టుకోలేదు. పుట్ట తవ్వాడు, పిల్లల్ని వీపున ఎక్కించుకున్నాడు. ఐదో రోజు గాలి ఇప్పచెట్ల వైపునించి వీచింది. మర్నాటికి ఆయన లేడు.

గురివి ఏడవలేదు, తిట్టలేదు. నాన్న వచ్చినప్పుడు తినడానికి తేనెతుట్టె ముక్క ఒకటి ఆకులో చుట్టి గుహలో పక్కన పెట్టింది. తర్వాత తమ్ముణ్ణి ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి కొత్త పిలుపు నేర్పింది, వాళ్ళిద్దరికే తెలిసేది.

"నాన్నకి చెప్పొద్దా అక్కా?"

"ఒక్క ఇప్పపూల కాలం తాగకుండా దాటనీ. నేనే చెబుతాను."

ఎముకలవ్వ ఇప్పటికీ ఆ చీలికలోనే ఉంది. ముళ్ళు కుళ్ళి పళ్ళు రాలిపోయాయి. ఇంక ఎముక కొరకనూ లేదు, ఎవర్నీ పిలవనూ లేదు. మధ్యాహ్నం పూట నోరు తెరుస్తుంది కానీ ఏమీ రాదు. దాని గుమ్మం ముందునించే గురివి, బుడమ ఏటికి నడిచి వెళ్తారు, తొందరేం లేకుండా.

నీతి: పెద్దలు తూలే ఇంట్లో బిడ్డలు వాళ్ళని ప్రేమించడం మానక్కర్లేదు, కానీ పిలిచింది ఎవరో అడగనిదే అడుగు వెయ్యకూడదు.