ఉప్పుశ్రేణివారి విద్యాపోషణ వ్రత కథ

అక్షతలు చేతనుంచుకొని, మాటలు మాని, చదువుల తల్లిని మనసున నిలిపి ఈ కథ వినవలయును.

పూర్వము ఒక నదీతీరమున శాండిల్యుడను ముని మౌద్గల్యమహర్షిని సమీపించి, ఒక్కనివలన కానిదియు పదుగురు కూడి చేయదగినదియు అగు దానమేదనియు, దానిని తప్పినవారేమైరనియు అడిగెను. మౌద్గల్యుడు, చెప్పుటకు కష్టమైన కథయే అయినను చెప్పెదనని ఇట్లు పలికెను.

సముద్రము చెంత లవణపురి యను ఊరు కలదు. అచ్చటి ఉప్పుమడులవారందఱు ఒక శ్రేణిగా కూడియుండిరి. వారికి పెద్ద దామయసెట్టి. ఆ ఊర వైద్యుడు లేడు. ఏటేట వానకాలమున విషజ్వరము వచ్చి మనుషులను తీసికొనిపోవుచుండెను. ఒకయేడు ఆ దారిన వచ్చిన వృద్ధ సన్న్యాసిని యొకతె వారి దుఃఖము చూచి విద్యాపోషణ వ్రతమును ఉపదేశించెను. మాఘ శుద్ధ పంచమినాడు శ్రేణియంతయు కూడి తొలి ఉప్పుకుప్పనుండి చదువులకై విద్యాభాగమును వేఱుచేయవలెననియు, దానిని మఱియొక పనికి ముట్టరాదనియు, వీధివీధి తిరిగి చదువగోరు పేదలను విచారింపవలెననియు, తమ చుట్టములను ఎంచరాదనియు, చదువు ముగియువఱకు పోషణము ఆపరాదనియు, విద్యార్థిని తమ వాకిట నిలువబెట్టక తామే భాగమును చేర్పవలెననియు చెప్పెను.

వారట్లే చేసి, మడిలో ఎండదెబ్బకు చనిపోయిన కూలివాని కూతురు మైలమను ఎంచి, మూడుదినముల దూరముననున్న వైద్యవిద్యాపీఠమునకు పంపిరి. రెండేండ్లు బియ్యము, దీపపునూనె, గురుదక్షిణ తప్పక చేర్చిరి.

మూడవయేట ఉప్పు విస్తారముగా పండెను. శ్రేణివారికి గర్వము పుట్టెను. తమ పేర్లు చెక్కించుకొనుటకై మండపము తలపెట్టి, విద్యాభాగమును రాళ్లకు వెచ్చించిరి. పోషణము ఆగిపోగా మైలమ నడచివచ్చి సభలో నిలిచెను.

"సెట్టిబాబూ, ఇంకొక్క ఏడేనండి. నాడి సూడ్డం వచ్చిందండి. మందు పాళ్లు ఇంకా నేర్పలేదండి."

"వచ్చే ఏడు సూద్దాంలేమ్మా. మండపం సగంలో ఉంది గదా," అని సెట్టి అనెను.

ఆమె మఱునాడే ఉప్పుతట్ట నెత్తికెత్తుకొనెను.

ఆ వానలకు జ్వరము ఇల్లిల్లు చొచ్చెను. కూలివారు మంచము పట్టిరి. కుప్పలపై తాటాకు కప్పువారు లేక ఏడాది ఉప్పంతయు కరగి సముద్రము పాలయ్యెను. దామయసెట్టి ఒక్కగానొక్క కూతురు నాగమకును జ్వరము సోకెను. సెట్టి వానలో పరుగెత్తి మైలమను వెంటబెట్టుకొని వచ్చెను. ఆమె నాడి పట్టి తల వంచుకొనెను.

"జబ్బు తెలుస్తందండి. మందూ తెలుసండి. ఎంతెయ్యాలో తెలీదండి. ఎక్కువైతే పిల్ల దక్కదు. తక్కువైతే జొరం దిగదు."

"నీకు తెలిసినంతే వెయ్యి తల్లీ!"

మైలమ కొంచెమే వేసెను. మూడవనాడు నాగమ కన్నుమూసెను. ఆ నెలలో ఊర పాడె కట్టని వీధి లేదు.

శ్మశానమునుండి వచ్చి దామయసెట్టి మైలమ గుడిసెముందు కూలబడి, "నా పిల్లని నేనే సంపుకున్నానమ్మా," అని ఏడ్చెను. ఆమెయు ఏడ్చెను గాని, కాదని మాత్రము అనలేదు.

అంతట శ్రేణివారు మండపమును మొండిగోడలతోనే విడిచిరి. ఉపవసించి, వ్రతమును మరల పూని, ఇండ్లలో మిగిలిన తిండిగింజలనుండియే భాగము తీసి మైలమను బండిపై విద్యాపీఠమునకు చేర్చిరి. ఏడాదికామె చదువు ముగించి వచ్చెను. మఱుసటి వానలకును జ్వరము వచ్చెను. ఆమె పాళ్లు తప్పక మందిచ్చి మంచము పట్టినవారిని లేపెను. కుప్పలు నిలిచెను. సిరి మరలెను. నాటినుండి ఏటేట ఇద్దఱిని చదివించిరి. పోయినవారు మాత్రము మరలి రాలేదు. ఆ ఫలము ఈ వ్రతమున లేదని చెప్పి మౌద్గల్యుడు కన్నులు తుడుచుకొనెను.

వర్తకులు, చేతిపనివారు, కాపులు, ఉద్యోగులు, స్త్రీలు, ఎవరైనను పదుగురు కూడినచో ఈ వ్రతము చేయవచ్చును. చేసినవారి ఊర రోగికి వైద్యుడును, బిడ్డకు గురువును, వ్యాజ్యమునకు న్యాయమెఱిగినవాడును కలుగుదురు. నడుమ విడిచినవారికి మొదలే చేయనివారికంటె ఎక్కువ దోషము. కథ ముగిసిన పిమ్మట పెద్ద లేచి, చదువుచున్న బిడ్డలకు ఈ యేటి భాగము చేరినదా యని అడుగవలయును. చేరినదని అందఱు వినునట్లు చెప్పిన తరువాతనే అక్షతలు తలదాల్చి ప్రసాదము ముట్టవలయును.