పద్నాలుగో అంతస్తులో మంచు

భీమశంకరం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఆ చోటికే వెళ్ళి చూద్దామని చెప్పుల కోసం చూసేవారు. నలభై ఏళ్ళపాటు ఆయన దగ్గర భవనాలు గీయడం నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ అలవాటు తెలుసు. అందుకే ఆ మార్గశిరపు ఉదయం తరళ లోపలికి రాకుండా, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మాస్టారూ, మనం ప్రాణం పెట్టి గీసినదాన్ని పదిమందీ మార్చమంటే ఏం చెయ్యాలి? పట్టుబట్టాలా, వదిలెయ్యాలా?"

విశాఖ తీరాన ఆమె గీసిన ఇరవై ఎనిమిది అంతస్తుల భవనం సగానికి పైగా లేచింది. పద్నాలుగో అంతస్తుకు ఆమె గోడలు పెట్టలేదు. అందరూ వచ్చి కూర్చునేలా సముద్రపు గాలికి వదిలేసింది. ఫ్లాట్లు కొన్నవాళ్ళ సంఘం మాత్రం దాన్ని నాలుగు వైపులా మూసి హాలు చెయ్యమంటోంది. మూడు సమావేశాలు జరిగాయి, మూడూ అరుపులతోనే ముగిశాయి. సోమవారంలోగా తేల్చకపోతే గోడలు లేపేస్తానన్నాడు బిల్డరు. అదే జరిగితే తప్పుకోవాలని తరళ నిశ్చయించుకుంది.

"ముయ్యమంటున్నది ఎవరు?"

"సంఘం అధ్యక్షురాలు సత్యవేణి గారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఎంత చెప్పినా వినరు."

"ఆవిడ ఒక్కసారైనా పైకి వచ్చారా?"

తరళ తల అడ్డంగా ఊపింది. మాస్టారు చెప్పులు తొడుక్కుని, "ఫోన్ చెయ్యి. నేను రమ్మన్నానని చెప్పు," అన్నారు.

ముగ్గురూ హెల్మెట్లు పెట్టుకుని పనివాళ్ళ లిఫ్టులో పైకి చేరేసరికి ఊరు లేదు, సముద్రమూ లేదు. తూర్పు నుంచి తెల్లటి మంచు లోపలికి వచ్చి, స్తంభాల మధ్య మెల్లగా తిరిగి, పడమటికి సాగిపోతోంది. కింద ఎక్కడో ఓడ కూసింది. ఇసుక మోస్తున్న ఆడవాళ్ళు సైతం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. తాను కాగితం మీద కన్న కల తనకన్నా ముందే ఇక్కడికొచ్చి కాపురం పెట్టినట్టనిపించింది తరళకు.

"ఇప్పుడు చూశారా, మేడమ్?" అంటూ గర్వంగా వెనక్కి తిరిగింది.

సత్యవేణి గారు లిఫ్టు పక్క స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"బాగుందని తెలుస్తూనే ఉందమ్మా. నాకు అంచులంటే భయం. చిన్నప్పుడు మా తమ్ముడు నా కళ్ళ ముందే మేడ మీంచి..." ఆవిడ స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "ఇది మీటింగులో చెప్పుకునే మాటా?"

తరళకు ఆ మూడు సమావేశాల్లో తానన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. వెళ్ళి చెయ్యి అందించింది. ఇద్దరూ మంచులోకి ఒక్కొక్క అడుగే వేశారు. పదకొండో అడుగు దగ్గర ఆవిడ ఆగిపోయారు.

"ఇక్కడిదాకా అయితే రాగలను."

తరళ ఒక చేత్తోనే సుద్దముక్క తీసి, వంగి, ఆవిడ పాదాల ముందు గీత గీసింది. "ఈ గీత మీద గుండెలెత్తు గోడ కడదాం. అవతల అంచుదాకా మొక్కలే. మనుషులెవరూ అటు వెళ్ళరు, మంచు మాత్రం ఇటు వస్తుంది."

సత్యవేణి గారు కళ్ళు తెరిచి ఆ గీతనూ, దాని అవతలి మంచునూ చూశారు. "సోమవారం సంఘానికి నేనే చెప్తాను," అన్నారు.

గీతకు అవతల మిగిలిపోయిన తన ఖాళీ జాగాను చూస్తూ తరళ నెమ్మదిగా అడిగింది.

"మాస్టారూ, నేను గీసింది నిలిచినట్టా, పోయినట్టా?"

ఆయన మంచులోకి చూస్తూ అన్నారు:

"నువ్వింకా ఆవిడ చెయ్యి వదల్లేదమ్మా."