లారీ నీడ

చెన్నకేశవయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కాదు. "నడుస్తూ మాట్లాడుకుందాం పద" అనేవారు. చాలాసార్లు నడక పూర్తయ్యేది గానీ మాట మొదలయ్యేది కాదు.

మే నెలలో ఒక ఆదివారం నరహరి ఆయన దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గర ఉపనిషత్తులు వింటున్న శిష్యుడు. ఆ ఊరి పురపాలక సంఘంలో మొక్కలు నాటించే అధికారి. మిరపపేట ఆడవాళ్లు తమ వీధిలో చెట్లు నాటమని పెట్టుకున్న అర్జీని ఆ వారమే మూడోసారి తిప్పి పంపాడు. వాళ్లు ఆఫీసుకొచ్చి నిలదీసి వెళ్లారు. అప్పటినుంచీ అతనికి మనసు మనసులో లేదు.

"వీధిపక్క ఆరడుగుల ఖాళీ ఉంటేనే చెట్టు నాటాలని నిబంధన. ఆఫీసర్ల కాలనీకీ అదే, మిరపపేటకీ అదే. అందరికీ ఒకే కొలత పెట్టాక ఇంక అన్యాయం ఎక్కడుంది గురువుగారూ?"

గురువుగారు గడియారం చూశారు. పన్నెండు దాటింది. "మిరపపేటలో ఎస్తేరమ్మకి ఒంట్లో బాగాలేదట. చూసొద్దాం" అని చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

ఆఫీసర్ల కాలనీ మీదుగా బయల్దేరారు. రెండు పక్కలా కానుగలు, నిద్రగన్నేర్లు గొడుగులు పట్టినట్టున్నాయి. డెబ్బై ఆరేళ్ల గురువుగారు తీరుబడిగా నడుస్తూ కబుర్లు చెప్పారు. ఈ కానుగలు తను ఉద్యోగంలో చేరిన ఏడు నాటించినవని నరహరి చూపించాడు. "బాగా ఎదిగాయి" అన్నారాయన.

రైలు గేటు దాటాక చెట్లు ఆగిపోయాయి. కరిగిన తారు చెప్పులకు అంటుకుంటోంది. గురువుగారు ఉత్తరీయం తలకు చుట్టుకున్నారు. ఆ తర్వాత ఇక మాట్లాడలేదు. మిరపపేట వీధి మొదట్లోనే ఆయన తూలారు. నరహరి చప్పున చేయి పట్టుకున్నాడు. ఆ చేయి కాలిపోతోంది. ఆయన్ని కూర్చోబెట్టడానికి అటూ ఇటూ చూశాడు. రేకుల కప్పులు, సిమెంటు గోడలు. ఎక్కడా చారెడు నీడ లేదు. వీధి చివర మాత్రం ఒక లారీ ఆగి ఉంది.

ఆ లారీ వారగా పదిమంది ఆడవాళ్లు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. పక్కనే మంచం మీద ఎస్తేరమ్మ పడుకుని ఉంది. ఆమె కోడలు కరుణమ్మ నరహరిని గుర్తుపట్టింది. తన కాయల రాశి పక్కకు జరిపి గురువుగారికి చోటిచ్చింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన కొంచెం తేరుకున్నారు.

ఇంతలో లారీ డ్రైవరు వచ్చాడు. అతన్ని చూడగానే ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు పట్టాలు మడవసాగారు. ఇద్దరు మంచం ఎత్తబోయారు.

"ఆమెనెక్కడికి తీసుకెళ్తారు?" అన్నాడు నరహరి.

"ఆ గోడ పక్కకి. రెండింటికి అక్కడ నీడొస్తది" అంది కరుణమ్మ.

"అప్పటిదాకా ఇంట్లో పడుకోబెట్టొచ్చుగా?"

"రేకులిల్లు సార్. మొన్న అందులోనే సొమ్మసిల్లింది."

డ్రైవరు ముసలామెనూ గురువుగారినీ చూశాడు. "ఇంకో గంట ఆగుతాలే అక్కా" అని టీకొట్టు వైపు వెళ్లిపోయాడు. ఆలస్యమైనందుకు మిర్చి యార్డులో తిట్లు తింటాడని, అయినా చాలాసార్లు ఇలాగే ఆగుతాడని కరుణమ్మ చెప్పింది.

నరహరి ఇబ్బందిగా కదిలాడు. "మీ వీధిలో చోటు లేకపోబట్టిగానీ, లేకపోతే ఎప్పుడో..." అన్నాడు.

కరుణమ్మ తలెత్తలేదు. చేతులు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. "గోడ పక్కన ఎనిమిదడుగుల వెడల్పు లారీ పట్టుద్ది సార్. చెట్టుకే చోటు లేదని మూడుసార్లు రాశారు."

నరహరి ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. మూడు అర్జీలూ ఆఫీసులో పటం చూసి తిప్పి పంపినవే. లేచి ఎండలోకి వెళ్లి, వీధి ఆ చివరినుంచి లారీ దాకా గోడ పక్క ఖాళీని అడుగులతో కొలిచాడు. ఆరడుగులకు ఎక్కడా తగ్గలేదు. తిరిగి వచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"సాయంత్రం ఆఫీసు తెరిపించి ఆ అర్జీ మీద మళ్లీ రాస్తాను గురువుగారూ" అన్నాడు.

చెన్నకేశవయ్యగారు అతని నుదుటి మీద కారుతున్న చెమట చూశారు.

"సాయంత్రానికి చల్లబడతావు. ఇక్కడే రాయి."