బోడిమెడ పెట్ట

మాబుసాకు కోపం వచ్చిందంటే ముందు ఇంట్లో గిన్నెలకు తెలిసేది, తర్వాత వీధికంతా తెలిసేది. నాపబండల మిల్లులో రోజంతా రంపం మోత మధ్య పనిచేసేవాడు కదా, ఇంటికొచ్చినా ఆ మోతను మించి అరవాలన్నట్టే మాట్లాడేవాడు. మూడేళ్ల కిందట ఊరవతల దర్గాలో ఉండే పీరయ్య తాత దగ్గర శిష్యుడుగా చేరింది కూడా ఇందుకే.

"నా కోపం పోగొట్టు తాతా" అని ప్రతి శుక్రవారం అడిగేవాడు. ఆ వెంటనే తనే సర్దుకునేవాడు. "అయినా నేనేం ఊరికే అరవను తాతా. నేను అరిచేదంతా ఇంటి కోసమే."

తాత రెండు మాటలూ వినేవాడు. ఒక్కదానికీ జవాబు చెప్పేవాడు కాదు. మూడేళ్లుగా ఇదే వరస.

ఒక గురువారం కరెంటు లేక మిల్లుకు సెలవిచ్చారు. పొద్దున పది కూడా కాకముందే మాబుసా దర్గాకు వచ్చాడు. ఒక కోడిపెట్టను రెండు కాళ్లూ పట్టుకుని తలకిందులుగా వేలాడేసుకుని వచ్చాడు. కుడిచేతి మీద తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది.

"దీన్ని కోసి ఫకీర్లకు పెట్టెయ్ తాతా. ఈ ముదనష్టపుది మళ్లీ నా కంట పడగూడదు!"

చిరిగిన బొంత కుట్టుకుంటున్న తాత సూదిని పక్కన గుచ్చి పెట్టాడు. కోడిని అందుకుని, తిన్నగా తిప్పి, చంకలో పెట్టుకున్నాడు. నాటు పెట్ట. మెడ మీద ఒక్క ఈక లేదు. చూడ్డానికి దరిద్రంగా ఉంది, అందులో అబద్ధం లేదు.

"కుచ్చో. ఏమైందో చెప్పు" అన్నాడు.

మాబుసా కూర్చోలేదు. నిలబడే అందుకున్నాడు. వాళ్ల ఇంట్లో అంతకుముందు కోళ్లు లేవు. పెరట్లో నాలుగు కోళ్లుంటే బిడ్డకు గుడ్లు దొరుకుతాయని మొన్న ఎండాకాలంలో పెళ్లాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని సంతకు పోయాడు. ఏ జాతి కోళ్లు కొనాలో మిల్లులో పదిమందిని అడిగి తెలుసుకున్నాడు. గిరిరాజ పెట్టలు రెండు, పుంజు ఒకటి, గుడ్ల కోసం. కడక్‌నాథ్ పెట్టలు రెండు, ఒళ్లంతా నలుపే, ఎముక కూడా నలుపే అన్నారు, వాటికి గిరాకీ అట్లాంటిది. అన్నీ తనే ఎంచాడు. ఒక్కో కోడినీ రెక్క విప్పి, కన్ను చూసి, కాలు పట్టి చూసి మరీ ఎంచాడు.

"ఈ బోడిదాన్ని మాత్రం అది ఎంచింది తాతా, నా పెళ్లాం! అంత సంతలో ఆ కుళ్లాయమ్మకు ఇదే కనబడింది. వద్దే అంటే వినలా. ఇప్పుడేమైంది? మూడు వారాలు కావొచ్చింది, దీని కడుపున ఒక్క గుడ్డు లేదు. పగలూ రాత్రీ వెనకింట్లో గంపలో కూలబడి ఉంటుంది. ఈపొద్దు గంప పక్కనున్న సుత్తి కోసం చెయ్యి పెడితే చూడు, నా చెయ్యే చీరేసింది! తిండి నాది, ఇల్లు నాది, నన్నే పొడుస్తుందా!"

"సంతలో కుళ్లాయమ్మ దీన్ని ఎందుకు తీసుకోమనింది?"

"ఏమో. ఏదో చెప్పబోయింది."

"నువ్వు వినలేదా?"

"అంతమంది జనంలో నాకు నేర్పేంతది అయిందా అని కడుపు మండింది తాతా. నోరు ముయ్యమన్నా. మూసుకుంది."

తాత కోడి పొట్ట మీద ఈకల్లోకి మెల్లగా ఊదాడు. ఈకలు పక్కకు జరిగితే కింద ఎర్రటి చర్మం కనబడింది, బొచ్చంతా రాలిపోయి ఉంది. మాబుసా నెత్తుటి చేతిని పట్టుకుని అక్కడ ఆనించాడు.

"కాలిపోతాంది!" అని మాబుసా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "జబ్బుకోడా ఇది? చూసినావా తాతా, అందులో కూడా మోసమే!"

"దీన్ని గంపలోంచి లేపి ఎంతసేపైంది?"

"అర్ధగంట అయింటుంది. ఏం?"

"గంపలో ఏముంది?"

మాబుసా అది చూడనేలేదు. కోపంలో కాళ్లు దొరకబుచ్చుకుని లాగడమే తెలుసు. వెనక కూతురు నూర్జా గొంతు చించుకుని ఏడవడం కూడా విన్నాడు. ఆడపిల్ల, తన చేతి నెత్తురు చూసి భయపడిందనుకున్నాడు.

"పద" అని తాత లేచాడు. డెబ్బై దాటిన మనిషి, చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాడు. కోడి చంకలోనే ఉంది. మాబుసా వెనక పడి నడిచాడు. దారి పొడుగునా ఏదో గొణుగుతూనే ఉన్నాడు, అలవాటు అంత తొందరగా పోతుందా!

వెనకింట్లో గంపను వాటేసుకుని నూర్జా కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. గంప మీద వాళ్లమ్మ బొంత కప్పి, దాని మీద తను బోర్లా పడుకున్నంత పని చేసింది. గుమ్మంలో తండ్రి నీడ పడగానే తల ఎత్తింది. జుట్టంతా రేగిపోయి ఉంది. రెండు చేతులూ చాపింది.

"రావద్దు! నువ్వు రావద్దు!"

"ఏయ్! ఎవరితో మాట్లాడతాండావే?"

పిల్ల మాత్రం కదల్లేదు. కుళ్లాయమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది.

"నేను కూడా రాగూడదా నూర్జమ్మా?" అన్నాడు తాత.

పిల్ల ఆయన చంకలోని కోడిని చూసింది. అప్పుడు కాస్త పక్కకు జరిగింది. తాత బొంత తీశాడు. గడ్డిలో పదకొండు గుడ్లు. ఉరుముల దోషం తగలకుండా ఒక ఇనప మేకు, ఒక ఎండుమిరపకాయ కూడా పెట్టారు. వేరే గుడ్లతో కలిసిపోకుండా ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీసిన గీత. ఆ గీతలు చిన్నపిల్ల గీసినవేనని చూస్తేనే తెలుస్తుంది.

"రేపటికి ఇరవై ఒక్క దినాలు తాతా" అంది కుళ్లాయమ్మ. మొగుడి వైపు చూడకుండా తాతతోనే చెప్పింది. "గిరిరాజ పెట్టలూ, ఆ నల్లవీ గుడ్లయితే పెడతాయి, పొదగవు. పొదిగేది ఇంట్లో ఒకటన్నా ఉండాలని సంతలోనే చెప్పబోతి."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మాబుసా.

కుళ్లాయమ్మ బొంత అందుకుని మడతపెట్టింది.

తాత ఒక గుడ్డు తీసి మాబుసా ఎడమచేతిలో పెట్టాడు. "చెవి దగ్గర పెట్టుకో."

మాబుసా పెట్టుకున్నాడు. "ఏం వినపడ్డంలా."

"నీ ఊపిరే వినపడతాంది నీకు. తగ్గించు."

బుసకొడుతున్న ఊపిరిని మాబుసా బలవంతాన అణుచుకున్నాడు. కొంచెంసేపటికి లోపల గోటితో గీకినట్టు చప్పుడైంది. ఆగింది. మళ్లీ అయింది. ఆ తర్వాత సన్నగా, చాలా సన్నగా, కీచుమని ఒక అరుపు. మాబుసాకు గుడ్డును చెవి దగ్గర నుంచి దించడానికి కూడా భయమేసింది.

ఈలోపల తాత కోడిని గంపలో దించాడు. అది ఒక్కసారి ఒళ్లు విదిలించుకుని, ముక్కుతో గుడ్లను ఒక్కొక్కటే కిందికి లాక్కుని కూర్చుంది. గుడ్డును తిరిగి పెట్టేద్దామని మాబుసా కుడిచేత్తో దాని రెక్క ఎత్తబోయాడు.

అంతే, ఒళ్లంతా ఉబ్బించి, కర్రుమని అరిచి, నెత్తురు కారుతున్న చోటే మళ్లీ పొడిచింది.

"నీ యమ్మా!" మాబుసా చెయ్యి పైకి లేచింది.

కుళ్లాయమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. నూర్జా కళ్లు గట్టిగా మూసుకుని, భుజాలు చెవులదాకా ముడుచుకుంది. తల్లీ కూతుళ్లకు ఎవరూ చెప్పకుండానే ఒకేసారి అది జరిగిపోయింది. కోడి మాత్రం కళ్లు మూయలేదు. రెక్కలు ఇంకా విప్పి, ఆ లేచిన చేతికేసే చూస్తోంది.

తాత గొంతు పెంచలేదు.

"దాని కోపం కింద పది ప్రాణాలున్నాయిరా. నీ కోపం కింద ఏముంది?"

మాబుసా చెయ్యి లేచింది లేచినట్టే ఉంది. ఎడమచేతిలో గుడ్డు ఇంకోసారి కీచుమంది.

నూర్జా ఇంకా కళ్లు తెరవలేదు.