నక్క తవ్విన చెలమ

రంగుల ఫ్యాక్టరీ మూతపడ్డాక వెనక గోడ సగం కూలి, ఆ బయలు ఎవరిదీ కాకుండా పోయింది. ఎండలకు ఊరి చుట్టూ గరిక మాడినా అక్కడ మాత్రం పచ్చిక ఉండేది. మేత లేక డొక్కలెండిన ఒక చూడి గేదె తన మందతో వచ్చి ఆ గోడ దగ్గర నిలబడింది.

అక్కడే బొరియ పెట్టుకున్న నక్క ఎదురొచ్చింది. గేదెలొస్తే పేడ పడుతుంది, పేడలో పురుగులు పుడతాయి, పురుగుల కోసం కోళ్లు వస్తాయి. దాని ఎత్తు అది.

"లోపలికి రా వదినా. చుట్టాలింటి ముందర నిలబడ్డట్టు మొహమాటమేంటి?"

"ఊరంతా ఎండితే ఇదొక్కటే పచ్చగా ఎందుకుంది మరిదీ?"

"నేల మంచిది. కావాలంటే మట్టి వాసన చూడు."

నక్క పైమన్ను గీరింది. గేదె మూతి పెట్టి చూసింది. కమ్మటి చెరువు మట్టి.

గోడ మీది కోడిపుంజు తల వంచింది. "అది ట్రాక్టర్లతో తెచ్చి పోసిన మట్టి. పైన పటారం, లోన లొటారం కాదు గదా?"

"నువ్వు గింజలేరుకో అల్లుడూ. నేలలు చూడ్డానికి పెద్దవాళ్లున్నారు."

"పెద్దవాళ్లకు దంతాలెక్కువ మావా, అందుకే అడిగా."

గేదె అంది: "మా మందలో ఒక పద్ధతుంది. కొత్త బయలైతే ముందు చెలమ తవ్వి ఊట చూస్తాం. నేలను మెచ్చుకున్నవాళ్లే తవ్వాలి, వాళ్లే ముందు తాగాలి."

"అంతేనా? నా పిల్లలు ఆ పల్లంలో గుంట నీళ్లే తాగుతున్నారు. కాస్త గజ్జి పట్టింది గానీ, గజ్జి పట్టని నక్కెక్కడుంది?" అంటూ నక్క మెరక మీదికి నడిచింది.

"అక్కడ కాదు మరిదీ. నీరు పల్లమెరుగు. కింద తవ్వు."

నక్క పల్లంలో తవ్వింది. చెరువు మట్టి జానెడే. దాని కింద నల్లటి బంక. ఆ కింద గోళ్లకు ఇనుము తగిలింది. తుప్పు రేకు అప్పడంలా విరిగి, పచ్చటి నురగ ఉబికింది. గుంట గోడల నిండా పీపాలే, బుట్టలో గుడ్లలా పక్కపక్కనే.

మందంతా గుంట నుంచి వెనక్కి జరిగింది. నురగ తగిలి కాలిన పంజాను నక్క పైకెత్తి పట్టుకుంది.

"తాగు మావా," అంది పుంజు.

నక్క నిజంగానే మూతి వంచింది. అంతలోనే ఆగిపోయింది. "వదినా... నా పిల్లల ఒంటి మీద ఇదే వాసన."

గేదె నక్క పంజాను వాసన చూసింది. "అయితే అది గజ్జి కాదు మరిదీ."

నక్క బొరియకు పరుగెత్తింది. ఒక్కో పిల్లనే నోట కరిచి గోడవతలికి మోసింది. వాటి వీపుల మీద బొచ్చు లేదు, చర్మం చిట్లి ఉంది. అక్కడ దారిలో ఊరి కోళ్లు మేస్తున్నాయి. నక్క వాటి మధ్య నుంచే పోయింది, ఒక్కదాని వైపూ చూడలేదు. ఒక్క కోడీ పారిపోలేదు.

గేదె ఆకలితోనే మందను వెనక్కి తిప్పింది.

పాతిపెట్టినవాళ్లు మరచిపోతారు గానీ, నేల మరచిపోదు.