ముగ్గులో నిలబడ్డ స్తంభాలు

"ముత్యాలూ, ముగ్గు పోశావా?" అని కేకేశాడు రాజుగారి స్థపతి విరూపాక్షుడు.

విద్యాపీఠం పిల్లలు వంపుకర్రలతో చెండు కొట్టే ఆటకి ఆయన కొత్త రంగశాల గీశాడు. రాజుగారి ఆసనం ముందు నలభై చెక్కడపు స్తంభాలు. సగం మైదానం వాటికే పోతుంది. ఆ గీతల్ని నేలమీద సున్నంతో పోసేది ముత్యాలు. రోజూ ఆ నేల తడిపి చదునుచేసేదీ తనే. సంజెవెలుగులో చెండు వెనకాల దుమ్ము బంగారంలా లేస్తుంటే ఆమెకి లోకం గుర్తుండదు.

"ఆట కనబడదేమో అయ్యా" అంది నిన్న.

"నీకెందుకు? చెప్పింది చెయ్యి" అన్నాడాయన. రేపే పునాది తవ్వకం.

ఇవాళ రాజుగారు చూడడానికొచ్చారు. ముత్యాలు స్తంభానికొకరు చొప్పున పిల్లల్ని ముగ్గు గుర్తుల్లో నిలబెట్టింది. ఆసనం గీసినచోట రాజుగారికి పీట వేసింది. మిగిలినవాళ్లు ఆట మొదలెట్టారు. చెండు దెబ్బ వినబడుతోంది, కేకలు వినబడుతున్నాయి. రాజుగారికి మాత్రం వీపులే కనబడుతున్నాయి. మెడ అటు సాచారు, ఇటు సాచారు.

"జరగండ్రా, ప్రభువులకి అడ్డం" అన్నాడు విరూపాక్షుడు కంగారుగా.

"వీళ్లంటే జరుగుతారు బాబూ. రేపు రాళ్లకి కూడా తమరే చెబుతారా?" అంది ముత్యాలు.

రాజుగారు పకపకా నవ్వారు. "ఒక్క స్తంభం కూడా వద్దు. కూర్చోడానికి మెట్లు చాలు, అవి ఎక్కడుండాలో ముత్యాలే గీస్తుంది" అన్నారు. ఆ మాటతో నలభై స్తంభాలూ కర్రలు పుచ్చుకుని ఆటలోకి పరుగెత్తాయి.

"స్థపతీ, ఈ ఆట ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు రాజుగారు.

చెండు మీంచి చూపు తిప్పకుండానే విరూపాక్షుడు నెమ్మదిగా అన్నాడు:

"లేదు ప్రభూ. ఇదే మొదటిసారి."